జపాను కంపెనీతో పొత్తు

డేవిడ్ ఎడమ చేత్తో ఉప్పు చల్లడం నేర్చుకుని చాలా కాలమైంది. నార్కట్‌పల్లిలో నల్లగొండ రోడ్డు మొదట్లో, టైర్ల దుకాణం పక్కన అతని ఫాస్ట్‌ఫుడ్ బండి ఉంటుంది. మంట మీద మూకుడు ఎగరేసేది అతని భార్య ఎస్తేరు. డేవిడ్ ఉల్లిగడ్డలు తరుగుతాడు, గుడ్లు కొడతాడు, పైసలు తీసుకుంటాడు. కుడి చెయ్యిని మాత్రం పొట్టకు ఆనించి పెట్టుకుంటాడు, నిద్రపోయిన పసిపిల్లను ఎత్తుకున్నట్టు.

కేతేపల్లి హైస్కూల్లో నా దగ్గర చదువుకున్న పిల్లల్లో అతనొకడు. రిటైరయ్యాక నేను నార్కట్‌పల్లిలోనే ఉండిపోయాను. సాయంత్రం నడిచి నడిచి, తిరిగివచ్చేటప్పుడు అతని బండి దగ్గరి ప్లాస్టిక్ కుర్చీలో కాసేపు కూర్చోవడం అలవాటైంది. నూడుల్స్ నాకు అరగవు. అతను చాయ్ తెప్పిస్తాడు.

ఒకరోజు ఒక లారీ డ్రైవరు ప్లేటు చేతికి తీసుకుంటూ అన్నాడు: "జపాను పోయొచ్చినవట గద అన్నా. ఆడ గూడ గిదే సాసు పోస్తరా?"

"ఆడ సాసు ఉండదు. నీళ్లల్ల ఏస్తరు."

"నీళ్లల్లనా? గందుకే వాపసొచ్చినవ్."

డేవిడ్ నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. "గంతే అన్నా" అని చిల్లర తిరిగిచ్చాడు. రోజుకు ఒక్కరైనా ఆ మాట అడుగుతారు. దానికి కోపం తెచ్చుకునే ఓపిక అతనికి ఎప్పుడో పోయింది.

*

హైవే మీది హోటళ్లలో పని చేసి చేసి, రాష్ట్రం వచ్చిన మరుసటేడు డేవిడ్ జపాను వెళ్లాడు. హైదరాబాదు మనిషి ఒకాయన అక్కడ ఇండియా భోజనాల హోటలు నడుపుతుంటే, అందులో వంటవాడిగా. నాలుగేళ్ల తర్వాత ఏదో పరీక్ష రాసి ఒక నూడుల్స్ కంపెనీలో చేరాడు. ఒక్క హోటలు కాదు, ఊరూరా దుకాణాలున్న పెద్ద కంపెనీ. అక్కడ అతని పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. మరుగుతున్న నీళ్లలో వరుసగా చిన్న చిన్న జల్లి బుట్టలు వేలాడుతుంటాయి. ఒక్కో బుట్టలో ఒక మనిషికి సరిపడా నూడుల్స్ ఉడుకుతుంటాయి. గంట మోగగానే బుట్టను పైకెత్తి, భుజం నుంచి ఒక్క విదిలింపు విదిలించాలి. నీళ్లన్నీ దిగిపోవాలి, నూడుల్స్ ఒక్కటి కూడా తెగకూడదు. మళ్లీ ఇంకో బుట్ట. మధ్యాహ్నం జనం వచ్చే వేళ చెయ్యి దించే పని లేదు. భుజంలో నరం చిట్లిందని తెలిసేసరికి నాలుగేళ్లు గడిచాయి. ఆ పనికి ఇక పనికిరావన్నాక, రెండు వేల ఇరవై మూడు ఎండాకాలంలో తిరిగివచ్చాడు.

వచ్చేటప్పుడు పెద్ద టీవీ తేలేదు, సెంటు సీసాలు తేలేదు. కంపెనీలో రెండు వందల షేర్లతో వచ్చాడు.

పనివాళ్లు ఒప్పుకుంటే జీతంలోంచి నెలనెలా కొంత పట్టుకుని, కంపెనీ తన వంతు కొంత కలిపి, వాళ్ల పేరు మీద తన షేర్లే కొనే పద్ధతి అక్కడ ఉందట. డేవిడ్ మొదటి నెలే సంతకం పెట్టాడు. దేశం విడిచినవాళ్ల షేర్ల సంగతి చూడటానికి అక్కడ ఒక మనిషి ఉండాలంటే, పక్క బుట్టల దగ్గర నిలబడి పనిచేసిన లోక్‌బహదూర్ అనే నేపాలీని పెట్టుకున్నాడు. ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి, డివిడెండ్ పైసలు వస్తే అతనే పంపేవాడు.

మొదటిసారి వచ్చింది మూడు వేల లోపే. ఆ సాయంత్రం డేవిడ్ మొహం నాకు గుర్తుంది. బండి దగ్గర ఇంకెవరూ లేరు. ఎస్తేరు మూకుడు తోముతోంది.

"సార్, ఇయ్యాల పొద్దుగాల పన్నెండు దాక పండుకున్న" అన్నాడు. "నేను పండుకున్నప్పుడే గీ పైసలు వచ్చినయ్. మా నాయిన పండుకున్న దినం మా ఇంట్ల పొయ్యి అంటుకోలే."

ఎస్తేరు మూకుడులోంచి తల ఎత్తకుండానే అంది: "మూడు వేలకు మూడు నెలలు చెప్తడు సార్ గీ ముచ్చట. ఆ కాయితాలు అమ్మి చెయ్యి చూపించుకొమ్మంటె మాత్రం చెవుడొస్తది."

నల్లగొండ దవాఖానలో డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు. వాళ్ల దగ్గరున్న సర్కారు వైద్యం కార్డు ఆ ఆపరేషన్‌కు నడవదన్నారు. షేర్లు అమ్మితే ఖర్చు చాలావరకు గడిచిపోతుంది. అది అందరికీ తెలుసు. డేవిడ్‌కూ తెలుసు.

"చెయ్యి పోగొట్టుకుని తెచ్చుకున్న కాయితాలు" అన్నాడు. "అవి ఇచ్చి మల్ల చెయ్యి తెచ్చుకుంటె, నేను ఎనిమిదేండ్లు యాడికి పోయినట్టు?"

ఎస్తేరు మూకుడు బోర్లించి చేతులు తుడుచుకుంది. ఆ మాట ఆమె అప్పటికి చాలాసార్లు విని ఉంటుంది.

*

డేవిడ్ తల్లి బిక్షమ్మ వాళ్లతోనే ఉంటుంది. ఊరి చివర కిరాయి ఇల్లు, వెనక కొంచెం జాగా, అందులో ఆమె మేకలు రెండు. డివిడెండ్ అన్న మాట ఆమె నోటికి తిరగలేదు. కొడుకు ఎన్ని రకాలుగా చెప్పినా చివరికి తనకు తెలిసిన మాటలోనే పెట్టుకుంది. కంపెనీతో మనకు పొత్తు ఉంది. వాళ్లు అక్కడ చేస్తున్నారు, మన పాలు మనకు పంపుతున్నారు.

పొత్తు సంగతి ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. డేవిడ్ పుట్టకముందు ఆమె భర్త కృష్ణయ్య కేతేపల్లిలో ఒక పటేలు భూమి పొత్తుకు చేశాడు. భూమి, బోరు పటేలువి. చాకిరీ కృష్ణయ్యది. గింజలొస్తే చెరిసగం, ఖర్చూ చెరిసగం. మొదటేడు బాగా పండింది. రెండో ఏడు పొట్టకొచ్చిన వరి మీద బోరు ఎండిపోయింది. మా వైపు పొత్తులు ఉగాదికి కలుస్తాయి, ఉగాదికి తెగుతాయి. తెగిననాడు భూమి గల ఆసామి పొత్తు మనిషికి ఒక పూట అన్నం పెట్టాలి. కృష్ణయ్య లాంటివాళ్లకు లోపల కాదు, పశువుల కొట్టం దగ్గర, వాళ్లు తెచ్చుకున్న గిన్నెలోనే. అయినా పెట్టాలి. అది తిని లేచాడంటే ఇక ఒకరికొకరు బాకీ లేనట్టు. ఊరంతటికీ అదే సాక్ష్యం.

ఆ ఉగాదినాడు కృష్ణయ్య గిన్నె పట్టుకుని పొద్దెక్కేదాకా కొట్టం దగ్గర కూర్చున్నాడట. పటేలు అన్నం పెట్టలేదు. నష్టంలో సగం తీరలేదు గనక పొత్తు తెగలేదని దాని అర్థం. ఆ సగం కింద కృష్ణయ్య అదే పటేలు ఇంట్లో ఏండ్ల తరబడి పాలేరుగా జీతం చేశాడు. అది తీరిన కొద్ది రోజులకే పోయాడు. బిక్షమ్మకు ఆ ఖాళీ గిన్నె గుర్తుంది. బోరు ఎండిన సంగతి కంటే అదే ఎక్కువ గుర్తుంది.

అందుకే జపాను పైసలు వచ్చిన ప్రతిసారీ ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే. "ఆడ పంట మంచిగున్నదా కొడుకా?"

"అది పంట గాదే అమ్మా. దుకాణాలు."

"అదే. దుకాణాలు మంచిగ నడుస్తున్నయా?"

పైసలతో పాటు ఇంకొకటి కూడా వచ్చేది. షేర్లున్నవాళ్లకు ఆ కంపెనీ చీటీలు పంపుతుంది. చీటీ ఇచ్చి ఏ దుకాణంలోనైనా ఒక గిన్నె నూడుల్స్ ఊరికే తినొచ్చు. మీరే వాడుకోండని డేవిడ్ చెప్పినా లోక్‌బహదూర్ వినలేదు. మాకు దుకాణంలో ఎట్లాగూ తిండి దొరుకుతుంది, ఇవి మీ అమ్మకు చూపించు అని పోస్టులో పంపాడు. దళసరి కాగితం మీద ఆవిరి లేస్తున్న గిన్నె బొమ్మ. బిక్షమ్మ వాటిని బైబిల్లో పెట్టుకుంది. ఆమెకు చదవడం రాదు. బొమ్మ చూసేది.

"పైసలిచ్చి, మీదికెల్లి అన్నం గూడ పెడుతున్నరు" అనేది ఇంటికి వచ్చినవాళ్లతో. "మంచోళ్లే ఉన్నరు."

*

రెండు వేల ఇరవై నాలుగు డిసెంబర్‌లో పైసలు రాలేదు. లోక్‌బహదూర్ ఫోన్ చేసి చెప్పాడు: గోధుమపిండి ధర పెరిగింది, కొత్తగా తెరిచిన దుకాణాలు నడవలేదు, కొన్ని మూసేశారు. కంపెనీకి నష్టం. ఈ అర్ధ సంవత్సరానికి డివిడెండ్ లేదు. వచ్చే జూన్ సంగతి కూడా చెప్పలేమంటున్నారు.

డేవిడ్ ఫోన్ పెట్టేసి బండి దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. నాకు చాయ్ చెప్పడం మరిచిపోయాడు. ఆ మూడు వేలు లేకపోతే గడవని ఇల్లేమీ కాదు అతనిది. కాని తాను పడుకున్నా పనిచేసే ఒకే ఒక్కటి కూడా పడుకుంది. అతని మొహం అట్లా ఉంది.

ఇంట్లో ఆ మాట దాచాల్సిందని తర్వాత అనుకున్నాడు. దాచలేదు. అన్నం తింటూ మామూలుగా చెప్పేశాడు. బిక్షమ్మ చేతిలో ముద్ద ఆగింది.

"నష్టమా? ఎంత నష్టం?"

"మస్తు నష్టమే. మనకెందుకే అది?"

"మనకెందుకేంది? పొత్తుల ఉన్నం గద."

అతను నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. రెండు రోజులకు ఎస్తేరు పొద్దున లేచి చూస్తే వెనక జాగాలో మేకలు లేవు, అత్తా లేదు. బిక్షమ్మ తెల్లవారుతుండగానే ఆటో మాట్లాడుకుని, రెండు మేకలనూ ఎక్కించుకుని కేతేపల్లిలో ఉన్న చెల్లెలు సైదమ్మ ఇంటికి తోలుకుపోయింది. సాయంత్రానికి ఒక్కతే తిరిగివచ్చింది.

"ఏమాయె అత్తా, మేకలు?" అంది ఎస్తేరు.

"ఆడ మేత మంచిగున్నది."

"డిసెంబర్ల యాడి మేత?"

"నీకు తెల్వది తియ్యి. జపానోళ్లు వస్తె బండి కనబడతది, మేకలు కనబడతయి. బండి దాచరాదు. మేకలనన్న దాచిన."

ఎస్తేరు ఇది నాకు చెబుతూ నవ్వింది. చెప్పడం అయ్యాక నవ్వు ఆగిపోయింది. "సార్, ఆమె రాత్రి పండుకుంటలేదు. కుక్క మొరిగితె లేచి తలుపు సందుల నుంచి చూస్తాంది. మీరన్న ఒక మాట చెప్పుండ్రి."

నేను చెప్పేలోపే ఆమే వచ్చింది.

పొద్దున్నే వచ్చి మా ఇంటి మెట్ల మీద కూర్చుంది. కుర్చీ వేస్తే వద్దంది. నేనూ మెట్టు మీదే కూర్చున్నాను. మోకాళ్ల చుట్టూ చేతులు చుట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ అడిగింది.

"సారూ, మావోడు నాకు అబద్ధం చెబుతున్నడు. మీరు నిజం చెప్పుండ్రి. ఆ జపానోళ్లు మనల్ని ఎంత అడుగుతరు?"

"ఏమీ అడగరు బిక్షమ్మా. కంపెనీకి ఎంత నష్టమొచ్చినా షేర్లున్నవాళ్ల ఇంటికి ఎవరూ రారు. అట్లా రావడానికి చట్టం ఒప్పుకోదు."

"లాభమొస్తె ఇస్తరు గద."

"ఇస్తారు."

"నష్టమొస్తె అడగరు."

"అడగరు."

ఆమె నా వైపు తిరిగింది. "గసుంటి పొత్తు యాడుంటది సారూ? లాభం తినేటోడు నష్టం గూడ తినాలె. గట్ల గాకపోతె అది పొత్తు ఎట్లయితది?"

కంపెనీల చట్టం గురించి నేను చదివిన నాలుగు ముక్కలూ చెప్పాను. సాఫీగానే చెప్పాననుకుంటాను. ఆమె ఓపిగ్గా వింది, పెద్దమనిషి ఏదో చెబుతుంటే మధ్యలో లేవకూడదు గనక వింది. అంతా అయ్యాక లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

"మీరు గూడ మావోని లెక్కనే ఉన్నరు" అని, మెల్లగా గేటు వేసుకుని వెళ్లిపోయింది.

*

క్రిస్మస్ వెళ్లి, సంవత్సరం మారాక లోక్‌బహదూర్ పంపిన కవరు వచ్చింది. పైసలు లేవు గాని చీటీలు వచ్చాయి. ఎప్పటిలాగే రెండు. ఆవిరి లేస్తున్న గిన్నె బొమ్మ అదే.

బిక్షమ్మ వాటిని తిప్పి తిప్పి చూసిందట.

"నష్టమొచ్చింది అంటివి గదరా?"

"వచ్చింది."

"మరి గివి ఎందుకు పంపిండ్రు?"

"చీటీలు ఎప్పటిలెక్కనే ఇస్తమన్నరు. పైసలే ఇయ్యరు."

ఆమె మర్నాడు కేతేపల్లి వెళ్లి మేకలను తోలుకొచ్చింది. ఆ వచ్చిన రోజే కాళ్లకున్న వెండి కడియాలు ఊడదీసి, బట్టలో చుట్టి, కొడుకు ముందు పెట్టింది. కృష్ణయ్య పొత్తు చేసిన మొదటేడు, బాగా పండినప్పుడు చేయించినవవి. జీతం చేసిన ఏండ్లన్నిట్లో కూడా వాటిని అమ్మలేదు.

ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. వానపట్టి ఉంటే బండి తీయలేదు, డేవిడ్ నన్ను ఇంటికి చాయ్‌కి పిలిచాడు.

"గివి వాళ్లకు పంపు" అంది బిక్షమ్మ.

"ఎవళ్లకు?"

"జపానోళ్లకు."

డేవిడ్ మూట వైపు చూశాడు. "అమ్మా, నీకు దండం పెడత. నాకు చెప్పి చెప్పి యాష్టకొచ్చింది. వాళ్లు మనల్ని అడగలే. అడగరు."

"అడగలేదనే ఇస్తున్న. అడిగేటోడైతె మేకలు దాచినా తప్పు లేకుండె. దాచిన గూడ. నష్టమొచ్చినా తిండి ఆపకపాయె వాళ్లు, నేనేమొ మేకలు తోలుకొని ఉరుకుతి. సిగ్గయితాంది నాకు."

"పంపినా తీసుకోరే. వాళ్లకు ఎక్కడ రాసుకోవాల్నో గూడ తెల్వదు."

"వెండిని తీసుకోనోళ్లు ఉంటరా?"

ఎస్తేరు చాయ్ గ్లాసులు తెచ్చి కింద పెట్టింది. "అత్తా, గవి ఈయన చెయ్యికి పెట్టరాదు? మన ఇంట్లదే ఆ చెయ్యి. జపానుదాక పోయే పనిలేదు."

"చెయ్యి సంగతి వేరు. గది మన ఇంటి సంగతి" అంది బిక్షమ్మ. "బాకీ ఉంచుకొని చెయ్యి మంచిగ చేయించుకుంటె, ఆ చెయ్యితోని మల్ల బాకీకే చెయ్యాలె. మీ మామ చేసిండు."

డేవిడ్ ఎడమ చేత్తో మూటను మెల్లగా తల్లి వైపు జరిపాడు. ఆమె మళ్లీ అతని వైపు జరిపింది. అతను ఇక జరపలేదు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. నేను చాయ్ తాగి, చెప్పులు వెతుక్కుని బయటికి వచ్చాను.

*

తర్వాత రెండు నెలలు అతను నాతో ఆ మాట ఎత్తలేదు. బిక్షమ్మ కాళ్లు బోసిగా ఉండేవి. మూట అల్మారాలో పెట్టానని ఎస్తేరు చెప్పింది. పొద్దున లేస్తూనే బిక్షమ్మ "పంపినవా?" అని అడుగుతుందట. డేవిడ్ "పంపుత" అంటాడట. రోజూ అదే.

మార్చి నెల మొదట్లో ఒక సాయంత్రం బండి దగ్గర ఉల్లిగడ్డలు తరుగుతూ డేవిడ్ నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మేసిన సార్. లోక్‌బహదూర్‌కు ఫోన్ చేసి అమ్మించిన."

ఎస్తేరు మూకుడు ఎగరేయడం ఆపింది. ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది.

"ధర వచ్చిందా?" అన్నాను.

"యాడ వస్తది? నష్టమని తెలిసినంక దిగిపోయింది. నేను కొన్న ధర గూడ రాలే." కత్తి కింద పెట్టి భుజం రుద్దుకున్నాడు. "ఇంకొన్నొద్దులు ఆగితె పెరుగునేమో. అది గూడ నాకు ఎర్కనే. కాని సార్, పొద్దున లేస్తె ఆమె మొకం చూడాలె. పొద్దుకు ఎస్తేరు మొకం చూడాలె. నడుమల ఈ చెయ్యి. నేను ఇగ ఎవ్వలతోని కొట్లాడలేను."

ఎస్తేరు గెలిచినట్టేమీ లేదు. ఎదురుచూస్తున్న గిరాకీకి ప్లేటు నింపి ఇచ్చి, వెనక్కి తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. మంట వేడి కావచ్చు.

"అమ్మకు చెప్పావా?"

"ఉగాదినాడు చెప్త. మీరు గూడ రావాలె. ఆమెకు పెద్దమనిషి ఉండాలె."

*

ఆ ఏడు ఉగాది ఆదివారం వచ్చింది. వాళ్లు చర్చికి పోయి వచ్చాక, మధ్యాహ్నం వేళకు నేను వెళ్లాను. డేవిడ్ పొయ్యి దగ్గర ఉన్నాడు. పెద్ద గిన్నెలో కోడి ఎముకలు పొద్దుటి నుంచి మరుగుతున్నాయి. ఇల్లంతా అల్లం వాసన. చాయ్ వడగట్టే పెద్ద జల్లిలో నూడుల్స్ వేసి నీళ్లలోకి దించాడు. సమయం అయ్యాక తీయడానికి కుడి చెయ్యి దానంతట అదే లేచింది. సగంలో ఆగిపోయింది. ఎస్తేరు వచ్చి జల్లి అందుకుంది.

"ఒక్కటే విదిలింపు. గట్టిగ" అన్నాడు.

ఆమె విదిలించింది. నీళ్లు గోడ మీద పడ్డాయి.

"తెగినయా?"

"కొన్ని తెగినయ్. కానియ్యి" అన్నాడు డేవిడ్.

బిక్షమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. డేవిడ్ వచ్చి ఆమెకు ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

"అమ్మా, సార్ ముంగట చెబుతున్న. జపానోళ్లతోని పొత్తు తెంపుకున్న. నా పాలు అమ్మేసిన."

ఆమె నిటారుగా కూర్చుంది. "మరి నష్టం?"

"నేను కొన్న ధర ఒకటి. అమ్మిన ధర దానికంటె తక్కువ. ఆ తక్కువ ఎందుకంటె, వాళ్లకు నష్టమొచ్చింది గనకనే. ఆ తేడా మనకు పోయింది. అదే మన పాలు నష్టం. పట్టుకున్నరు."

బిక్షమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. అందులో అబద్ధమేమీ లేదు. మెట్ల మీద కూర్చున్న రోజున నేను అంతసేపూ చెప్పిందాంట్లో ఈ ముక్క లేదు, అంతే.

"అంటె ఉండె గద నష్టం" అంది.

"ఉండె."

"మరి లేదని ఎందుకు చెప్తివి?"

"తప్పయింది తియ్యి."

"మొత్తం పట్టుకున్నరా? మల్ల అడగరు గద?"

"మొత్తం అయిపోయింది."

ఆమె లేచి, గూట్లోంచి బైబిల్ తీసి, పేజీల మధ్య నుంచి ఒక చీటీ తీసి కొడుకు చేతిలో పెట్టింది. డేవిడ్ దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. కుడి చెయ్యి మోచేతి వరకే వచ్చింది. అక్కడ దుకాణంలో చీటీ తీసుకునే పద్ధతి అదేనని తర్వాత ఎప్పుడో చెప్పాడు. చీటీని చొక్కా జేబులో పెట్టుకుని లేచి, గిన్నె నింపి, ఉడికిన గుడ్డు సగం కోసి పైన పెట్టి, ఉల్లాకు చల్లి తెచ్చాడు. చాప మీద, తల్లి ముందు పెట్టాడు. నాకూ ఒకటి పెట్టాడు.

ఆమె వేళ్లతోనే తింది. నూడుల్స్ జారిపోతుంటే గిన్నె అంచుకు నోరు ఆనించింది. మధ్యలో ఒక్కసారే మాట్లాడింది.

"ఉప్పు లేదు."

"ఆడ గింతే తింటరు."

"పాపం."

ఆ ఒక్క మాట ఎవరి గురించో నేను అడగలేదు. ఆమె ఆగకుండా తింది. నీళ్లు కూడా మిగల్చకుండా గిన్నె ఎత్తి తాగింది. ఖాళీ గిన్నె కింద పెట్టి, లేచి నిలబడింది. నిలబడ్డాక కొంగు భుజం మీద సర్దుకుని, ఎవరితోనో కాదు, వాకిలి వైపు చూసి "తెగింది" అంది. నేనూ, పెద్దమనిషినని పిలిచారు గనక, "తెగింది" అన్నాను. నాకు ఆ నూడుల్స్ అరిగాయో లేదో ఇప్పుడు గుర్తులేదు.

ఎస్తేరు అల్మారాలోంచి మూట తెచ్చి అత్త ముందు కూర్చుని కడియాలు తొడిగింది. ఒకటి ఎక్కడానికి ఇబ్బంది పెట్టింది. మడమకు నూనె రాసి ఎక్కించింది.

"వచ్చే వారమే నల్లగొండ పోదాం" అంది, కడియం మీద నుంచి చూపు ఎత్తకుండా. "డాక్టరు చెయ్యి లేపొద్దంటడు నెలల దాక. బండి నేను చూసుకుంట."

"నువ్వు ఎప్పటికెల్లి చూస్తనే ఉన్నవ్" అన్నాడు డేవిడ్.

అతను వాకిలి పక్కన నీడలో చాప లాక్కుని పడుకున్నాడు. కుడి చెయ్యి కింద దుప్పటి మడిచి పెట్టుకున్నాడు. హైవే మీద లారీల మోత వినిపిస్తోంది. వెనక జాగాలో మేకలు ఎండుటాకులు కొరుకుతున్నాయి. బిక్షమ్మ మళ్లీ బైబిల్ తెరిచి, మిగిలిన చీటీలన్నీ తీసి, కొడుకు తలాపున పెట్టింది.

"పొత్తు తెగినంక గివి మనయి గావు. ఆ నేపాలు పిలగానికి పంపు. రేపే పంపాలె."

"పంపుత" అన్నాడు డేవిడ్. కళ్లు అప్పటికే మూతపడ్డాయి.

బిక్షమ్మ కాసేపు నిలబడి చూసింది. అతను నిద్రపోయాడని రూఢి చేసుకుని, చీటీలు గాలికి ఎగిరిపోకుండా వాటి మీద ఖాళీ గిన్నె బోర్లించింది.